సింహాలు, మాసాయి మందలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ ప్రాంతం సంగతి?

పశువుల్ని మేపుకుని బతికే మాసాయి తెగ ఉండే చోటు, అంటే తూర్పు ఆఫ్రికాలోని దక్షిణ కెన్యా, ఉత్తర టాంజానియా. కిలిమంజారో కింద అంబోసెలి, దానికి తూర్పున చ్యులు కొండలు, త్సావో. పడమటి వైపు మాసాయి మారా. సరిహద్దు దాటితే న్గోరొంగొరొ, సిమంజిరో మైదానాలు. అంబోసెలి జాతీయ పార్కు విస్తీర్ణం 392 చదరపు కిలోమీటర్లే, చుట్టూ కంచె లేదు. పార్కులో కనిపించే సింహం రాత్రికి మాసాయిల మేత భూముల్లో ఉంటుంది. కెన్యా 2021లో వన్యప్రాణుల్ని లెక్కిస్తే దేశం మొత్తం మీద సింహాలు 2,589 తేలాయి. కాబట్టి ఒక్క పల్లెలో ఒక్క రాత్రి ఆరు సింహాలు చచ్చిపోతే అది చిన్న నష్టం కాదు. అలాగే పది ఆవులున్న ఇంట్లో రెండు ఆవులు పోతే అదీ చిన్న నష్టం కాదు. ఈ రెండింట్లో ఏ ఒక్కదాన్ని మరిచి మాట్లాడినా పల్లెలో ఎవరూ వినరు.

అడవి జంతువులుండగా సింహం ఆవుల జోలికి ఎందుకు వస్తుంది?

జీబ్రా పరిగెత్తుతుంది, తన్నుతుంది. ఆవుకి ఆ విద్యలు లేవు. అయినా సింహాలు మామూలుగా అడవి వేటకే మొగ్గుతాయి, ఎందుకంటే ఆవు వెనక బల్లెం పట్టిన మనిషి ఉంటాడని వాటికి తెలుసు. ఆ లెక్క రెండు సందర్భాల్లో తప్పుతుంది.

ఒకటి వానాకాలం. ఎక్కడ చూసినా నీళ్లు, గడ్డి ఉంటాయి కాబట్టి జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు చెల్లాచెదురైపోతాయి. ఎండాకాలంలోలా నీటి గుంట దగ్గర కాపు కాస్తే దొరకవు. అప్పుడు ప్రతి రాత్రీ ఒకే చోట ఉండేది పశువుల మందే. రెండోది పెద్ద కరువు తర్వాతి కాలం. 2009 కరువులో అంబోసెలి చుట్టూ వైల్డ్‌బీస్ట్‌లు, జీబ్రాలు మందలకు మందలే చచ్చిపోయాయి. తిండి కరువై సింహాలు, దుమ్ములగొండ్లు పశువుల మీద పడ్డాయి. 2010లో కెన్యా వైల్డ్‌లైఫ్ సర్వీస్ వేరే చోట్ల నుంచి జీబ్రాల్ని లారీల్లో తెచ్చి అంబోసెలిలో వదలాల్సి వచ్చింది.

వీటికి తోడు ఉమ్మడి మేత భూములు ముక్కలై, ప్లాట్లై, కంచెలు పడుతున్నాయి. ఆ ముక్కల్లో జీబ్రా నిలవదు, ఆవు నిలుస్తుంది.

పశువులు ఎక్కడ ఎక్కువగా పోతాయి? దొడ్డిలోనా, మేతలోనా?

రెండు చోట్లా పోతాయి. కానీ అన్నిటికంటే తేలిగ్గా పోయేది సాయంత్రం ఇంటికి రాకుండా బయట ఉండిపోయిన పశువు. కాపరి లేడు, కంచె లేదు, కుక్క లేదు. ఈనబోయే ఆవు పొద వెనక ఆగిపోతుంది, కుంటిది వెనకబడుతుంది, రెండు మందలు నీళ్ల దగ్గర కలిసి విడిపోయేటప్పుడు ఒకటి పక్క మందతో వెళ్లిపోతుంది. తెల్లారేసరికి ఎముకలు మిగులుతాయి. కంచెకీ దీపాలకీ డబ్బు పెట్టేముందు ఈ ఒక్క సంగతి సరిచేసుకోవాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మరి సాయంత్రం ఎలా చూసుకోవాలి?

మాసాయి పెద్దలు పశువుల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టరు. లెక్కపెడితే అరిష్టమని నమ్మకం. యజమాని గేటు పక్కన నిలబడతాడు. మంద సన్నగా, ఒకదాని వెనక ఒకటిగా లోపలికి వెళ్తుంటే చూస్తాడు. మచ్చల ఆవు, దాని వెనక వంకర కొమ్ముది, బూడిద రంగు పెయ్య... ఏ ముఖం కనిపించలేదో అతనికి వెంటనే తెలిసిపోతుంది. అంకెతో చేసే లెక్క కంటే ఇది మేలు. అంకె ‘ఒకటి తక్కువ’ అని మాత్రమే చెబుతుంది, ఇది ‘ఏది తక్కువ’ అని చెబుతుంది.

జరగాల్సినవి మూడు. గేటు వెడల్పు ఎనిమిది అడుగులకు మించకూడదు, అప్పుడే మంద వరసలో వెళ్తుంది. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి అక్కడ ఏడాది పొడవునా సాయంత్రం ఆరున్నర ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. మంద ఆరుకల్లా గేటు దగ్గరుంటే, తప్పినదాన్ని వెతకడానికి అరగంట వెలుతురు ఉంటుంది. ఇక మూడోది, వెతకడానికి పిల్లాణ్ణి పంపకూడదు. ఇద్దరు పెద్దవాళ్లు టార్చీతో వెళ్లాలి.

పాతకాలపు ముళ్లకంచె ఎందుకు సరిపోవడం లేదు?

మాసాయి ఇళ్ల సముదాయం గుండ్రంగా ఉంటుంది, మధ్యలో పశువులు. దాన్ని బోమా అంటారు. మన తుమ్మకంప లాంటి ముళ్లకొమ్మలు గుట్టగా పేర్చి చుట్టూ కంచె వేస్తారు. కొత్తగా వేసినప్పుడు అది బాగానే ఆపుతుంది. ఆరు నెలలకు ఎండి, కుంగి, చెదలు పట్టి, మనిషి నడుము ఎత్తుకు దిగిపోతుంది. ఏటా కొత్త కంప కొట్టాలి, దగ్గర్లో చెట్లు అయిపోయాయి.

అసలు విషయం ఇంకొకటి ఉంది. చాలా దాడుల్లో సింహం లోపలికి దూకదు. గాలి వాటున కంచె చుట్టూ తిరుగుతుంది. వాసన తగలగానే పశువులు బెదిరి, అవతలి వైపు కంచెను తొక్కుకుని బయటికి పరిగెత్తుతాయి. అక్కడ మిగతా సింహాలు కాచుకుని ఉంటాయి. అంటే కంచెకు రెండు పనులు: సింహాన్ని బయట ఆపడం, బెదిరిన మందను లోపల ఆపడం. కంప మొదటిది కొంత చేస్తుంది, రెండోది చేయలేదు.

ఇనుప వలతో బోమా కట్టడానికి ఏమేం కావాలి?

వంద అడుగుల వ్యాసం ఉన్న బోమా అనుకుందాం. ఆవు ఒక్కింటికి 45 చదరపు అడుగుల చొప్పున సుమారు 170 ఆవులు పడతాయి. చుట్టుకొలత 314 అడుగులు.

స్తంభాలు: ఎనిమిది అడుగుల పొడవువి, ఎనిమిది అడుగులకొకటి చొప్పున 40. రెండడుగులు భూమిలో, ఆరడుగులు పైన. గేటు రెండు పక్కలా మాత్రం లావుపాటివి వేసి మూడడుగులు దించాలి, కాబట్టి అవి తొమ్మిది అడుగులవి కావాలి.

వల: ఏడడుగుల చైన్‌లింక్. చుట్ట 18 మీటర్లదైతే 6 చుట్టలు. ఆరడుగులు నిలువుగా కట్టి, మిగిలిన అడుగును బయటి వైపు నేలమీద పరిచి రాళ్లు పెట్టాలి. ఇది దుమ్ములగొండి కోసం. సింహం తవ్వదు, అది తవ్వుతుంది.

తీగలు: పైన, నడుమ, కింద మూడు వరసల బిగువు తీగ. వలను స్తంభానికి లోపలి వైపు కట్టాలి. మంద లోపలి నుంచి తోసినప్పుడు బరువు స్తంభాల మీద పడుతుంది, కట్లు తెగవు. దీన్ని తిరగేసి కట్టినవే ఎక్కువగా విప్పుకుపోతుంటాయి.

గేటు: ఖర్చంతా కంచె మీద పెట్టి గేటు చోట పాత కంప లాగేసే వాళ్లు చాలామంది. మిగతా 306 అడుగులకు పెట్టిన డబ్బు అక్కడ పోతుంది. చెక్క చట్రానికి ఖాళీ నూనె డ్రమ్ములు చీల్చి సాపు చేసిన రేకు కొట్టండి. కింద నాలుగు వేళ్లకు మించి సందు ఉండకూడదు. గేటు లోపలికి తెరుచుకునేలా కాకుండా బయటి స్తంభానికి ఆనుకునేలా వేస్తే, బయటి నుంచి తోసినా తెరుచుకోదు. లోపలి నుంచి మంద తోపుకు ఆగాలంటే అడ్డగడియ ఉండాలి. గేట్లు ఒకటి లేదా రెండు, అంతకు మించొద్దు. కెన్యాలోని లైకీపియా పీఠభూమిలో చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. గేట్లు తక్కువున్నవి, కుక్కలున్నవి, మనుషుల అలికిడి ఉన్నవి అయిన బోమాల్లో నష్టం తక్కువని అందులో తేలింది.

దూడలకు, మేకలకు లోపలే వేరే చిన్న దొడ్డి ఉండాలి. మందతో కలిసి ఉంటే తొక్కిసలాటలో చచ్చేవి అవే.

జీవకంచె అంటే ఏమిటి?

స్తంభాల బదులు బతికున్న చెట్లు. టాంజానియాలోని మాసాయి మైదానంలో ఆఫ్రికన్ పీపుల్ అండ్ వైల్డ్‌లైఫ్ సంస్థ, అక్కడి పశుపోషకులు కలిసి దీన్ని విస్తరించారు. వాడేది కామిఫోరా, మన గుగ్గులు చెట్టు జాతిదే. మునగ కొమ్మ నాటితే చిగురించినట్టే ఇదీ కొమ్మ నుంచి బతుకుతుంది.

మణికట్టు కంటే లావుపాటి కొమ్మల్ని ఎనిమిది అడుగుల పొడవున కొట్టి, కోసిన చోట పాలు ఆరేదాకా నాలుగైదు రోజులు నీడన ఉంచి, మొదటి వానలు పడగానే అడుగున్నర నుంచి రెండడుగుల లోతున నాటాలి. వల వెంటనే కట్టొచ్చు, కానీ వదులుగా కట్టాలి. బిగించి కడితే చెట్టు లావై తీగను మింగేస్తుంది, తర్వాత మరమ్మతు చేయలేరు. మొదటి ఏడాది మేకల్ని దగ్గరికి రానీయకూడదు, బెరడు గీకేస్తాయి. కొన్ని కొమ్మలు ఎండిపోవడం మామూలే. వాటి స్థానంలో మళ్లీ వానలకు కొత్తవి పెట్టాలి. ఇనుప స్తంభం తుప్పు పడుతుంది, కొయ్య స్తంభం చెదలు పడుతుంది, ఇది ఏటికేడు గట్టిపడుతుంది. ఉన్నవాటిల్లో దీనికే మా ఓటు, ఒక వానాకాలం ఓపిక పట్టగలిగితే.

మిణుకు దీపాలు నిజంగా పనిచేస్తాయా?

రిచర్డ్ టురేరే అనే మాసాయి కుర్రాడు నైరోబీ జాతీయ పార్కు పక్కన కిటెంగెలాలో ఉండేవాడు. టార్చీతో తిరిగే మనిషి ఉంటే సింహాలు రావడం లేదని గమనించాడు. పాత కారు బ్యాటరీ, మోటార్‌సైకిల్ ఇండికేటర్ పెట్టె, విరిగిన టార్చీల బల్బులు, ఒక సోలార్ పలక కలిపి, వంతులవారీగా వెలిగి ఆరే దీపాలు తయారుచేశాడు. 2013లో టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద చెప్పాక ప్రపంచానికి తెలిసింది.

పని చేయడానికి కారణం వెలుతురు కాదు, కదలిక. ఎవరో తిరుగుతున్నట్టు ఉండాలి. ఒకే చోట కదలకుండా, ఆరకుండా వెలిగే పెద్ద లైటు పెడితే సింహం నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది. పైగా మంద ఎక్కడుందో దానికి బాగా కనిపిస్తుంది. దీపాలు బయటి వైపు చూడాలి.

లెక్క ఇలా వేసుకోండి. అర వాట్ ఎల్‌ఈడీలు పది, అంటే 5 వాట్లు. సగం సేపే వెలుగుతాయి కాబట్టి 12 గంటల రాత్రికి 30 వాట్-అవర్లు. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో 84 ఉంటాయి, అందులో సగం మాత్రమే వాడితే బ్యాటరీ మన్నుతుంది. ఎండ బాగుంటే 10 వాట్ల పలక చాలు. కానీ సింహాలు ఎక్కువగా వచ్చేది వానాకాలంలో, మబ్బులున్నప్పుడు. అందుకే 20 వాట్లది కొనాలి. పలక మీద దుమ్ము, పేడ రేణువులు వారానికోసారి తుడవాలి. తీగలు మేకలకు అందని ఎత్తున ఉండాలి. రెండు మూడేళ్లకు బ్యాటరీ చస్తుంది. కొత్తదానికి డబ్బు ఎవరు పెట్టాలో ముందే తేల్చుకోకపోతే దీపాలు మూల పడతాయి.

ఇంకో చిక్కు: మీ ఇంట్లో దీపాలుంటే సింహం దీపాల్లేని పక్కింటికి పోవచ్చు. వరసగా ఉన్న బోమాలన్నిటికీ ఒకేసారి పెట్టడం మంచిది.

కుక్కలు, గంటలు?

కుక్క సింహంతో కొట్లాడదు, అరుస్తుంది. అంతే చాలు. ఇద్దరు ముగ్గురు లేచి కేకలు వేస్తే చాలాసార్లు దాడి అక్కడితో ఆగిపోతుంది. గంట తప్పిపోయిన ఆవును వెతకడానికి పనికొస్తుంది, సింహాన్ని ఆపదు.

పగలు మేతకు పోయినప్పుడు ఏం చూసుకోవాలి?

పొద్దు బాగా ఎక్కాక బయల్దేరాలి. సింహాలు అప్పటికి నీడన పడుకుంటాయి. దట్టమైన పొదల్లోకి, వాగు పక్క చెట్లలోకి మందను తోలేముందు ఒకరు ముందుగా వెళ్లి జాడలు చూడాలి. బడి సెలవుల్లో మందను పదేళ్ల పిల్లలకు అప్పగించడం మామూలు. పెద్ద మందకు కనీసం ఒక పెద్ద మనిషైనా తోడుండాలి, ముందొకరు వెనకొకరు నడవాలి.

సింహం ఎదురుపడితే పరుగెత్తొద్దు, వీపు చూపొద్దు. షుకా, అంటే ఒంటికి చుట్టుకున్న దుప్పటి, విప్పి రెండు చేతులతో పైకెత్తి గట్టిగా అరుస్తూ, దాని వైపే చూస్తూ వెనక్కి జరగాలి. పిల్లలతో ఉన్న ఆడసింహమైతే దానికి దారి వదలాలి.

లయన్ గార్డియన్లు అంటే ఎవరు?

2007లో లీలా హజ్జా, స్టెఫనీ డోల్రెన్రీ అంబోసెలి ప్రాంతంలో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. ఒకప్పుడు సింహాన్ని వేటాడి పేరు తెచ్చుకున్న మురాన్‌లనే, అంటే యువ యోధులనే, జీతానికి పెట్టుకున్నారు. జాడ తీయడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పొద్దున్నే జాడలు వెతుకుతారు. మెడకు రేడియో కాలర్ వేసిన సింహాలుంటే యాంటెన్నాతో వాటి సంకేతం పడతారు. ‘ఇవాళ ఫలానా వాగు వైపు తోలొద్దు’ అని కాపరులకు ఫోన్ చేస్తారు. తప్పిపోయిన పశువుల్ని వెతికి తెస్తారు, బోమాలు బాగుచేయిస్తారు. కుర్రాళ్లు బల్లేలతో బయల్దేరితే ముందు వెళ్లి ఆపుతారు.

పాత రోజుల్లో సింహాన్ని చంపినవాడికి ఒక సింహ నామం దక్కేది. ఇప్పుడు గార్డియన్లు తమ ప్రాంతంలోని సింహాలకే మాసాయి పేర్లు పెడతారు. పేరున్న సింహాన్ని చంపడం అంత తేలిక కాదు, ఎవరిదో తెలిసిన ఆవును కొట్టినట్టు ఉంటుంది. అంబోసెలి ప్రాంతంలోని రెండు కార్యక్రమాలను పోల్చిన అధ్యయనం 2014లో వచ్చింది. పరిహారం ఇచ్చిన చోట సింహాల హత్యలు 87 నుంచి 91 శాతం, గార్డియన్లు తిరిగిన చోట 99 శాతం తగ్గాయని అందులో ఉంది. టాంజానియాలోని న్గోరొంగొరొలో కోపేలయన్ అనే సంస్థ ఇల్‌చోకుటి పేరుతో ఇలాంటి కాపలాదారుల్నే నియమించింది.

ఓలమాయో వేట ఇంకా ఉందా?

యువకులు గుంపుగా వెళ్లి సింహాన్ని బల్లేలతో చంపే వేట పేరు ఓలమాయో. కెన్యాలో 1977 నుంచి వేట నిషిద్ధం. ఇవాళ జరిగే హత్యల్లో ఎక్కువ భాగం పశువు పోయిందన్న కోపంతో జరిగేవే. కొన్ని అలా కూడా కావు. మేత భూమి దగ్గరో నీటి దగ్గరో పార్కు అధికారులతో తగవు తేలనప్పుడు ఆ కోపం సింహం మీద తీరుతుంది. అలాంటి చోట దీపాలు పంచి లాభం లేదు, ముందు తగవు తేల్చాలి. 2012 నుంచి కిమానా దగ్గర మాసాయి ఒలింపిక్స్ నడుస్తున్నాయి. పరుగు, ఎగిరి దూకడం, ఈటె, రుంగు కర్ర విసరడం. వేటలో చూపే సత్తా అక్కడ చూపమని పెద్దలే ప్రోత్సహిస్తున్నారు.

పశువు పోతే డబ్బు వస్తుందా?

కెన్యా 2013 వన్యప్రాణి చట్టం ప్రకారం ప్రభుత్వం పరిహారం ఇవ్వాలి. ఏళ్లు పడుతుంది. దీనికి వేరుగా అంబోసెలి పక్కనున్న ఎంబిరికాని రాంచ్‌లో 2003 నుంచి ఒక నిధి నడుస్తోంది, ఇప్పుడు దాన్ని బిగ్ లైఫ్ ఫౌండేషన్ అనే వన్యప్రాణి సంస్థ చూస్తోంది. అందులో కిటుకు ఏమిటంటే నష్టం మొత్తం ఇవ్వరు. మంచి బోమాలోనో కాపరి కళ్లముందో పోతే ఎక్కువ, పాడుబడ్డ బోమాలో పోయినా, బయట వదిలేసినది పోయినా తక్కువ. ఎవరైనా సింహాన్ని చంపితే జరిమానాతో పాటు ఆ ప్రాంతం వాళ్లందరికీ చెల్లింపు ఆగుతుంది, కాబట్టి ఇరుగుపొరుగే కాపలా కాస్తారు. మొత్తం విలువ ఇచ్చే పథకాలు మంచివనిపిస్తాయి గానీ, అప్పుడు మందను ఎవరు కాస్తారు?

ఏ జంతువు చంపిందో ఎలా చెప్పాలి?

పరిహారం అంతా దీని మీదే ఉంటుంది. కళేబరాన్ని కదపకుండా కొమ్మలు కప్పి, కుక్కల్ని కట్టేసి, తనిఖీ మనిషికి అదే రోజు కబురు చేయాలి.

సింహం గొంతో మూతో పట్టి ఊపిరాడకుండా చేస్తుంది. గొంతు దగ్గర లోతైన కోర గాట్లుంటాయి. పాదముద్ర అరచేతి వెడల్పున ఉంటుంది, గోళ్ల గుర్తులు పడవు, మడమ వెనక అంచున మూడు వంపులు కనిపిస్తాయి. దుమ్ములగొండి వెనక నుంచి, పొట్ట నుంచి చీలుస్తుంది, ఎముకలు కూడా నమిలేస్తుంది. దాని జాడలో గోళ్లు స్పష్టంగా పడతాయి, ముందు పాదం వెనకదానికంటే పెద్దది. చిరుత గొర్రెనో మేకనో ఎత్తుకుని పొదలోకో చెట్టుమీదికో లాక్కుపోతుంది. చీతా పగలు వస్తుంది. ఒక్కోసారి పశువు రోగంతో చచ్చి ఉంటుంది, తినడం తర్వాత జరుగుతుంది. గాటు చుట్టూ తోలు విప్పి చూస్తే తెలుస్తుంది: బతికుండగా కరిస్తే కింద నెత్తురు గడ్డకట్టి ఉంటుంది, చచ్చాక కరిస్తే ఉండదు.

విషం పెడితే ఏమవుతుంది?

అన్నిటికంటే పాడు పని ఇదే. కెన్యాలో ఎక్కువగా వాడినది కార్బోఫ్యూరాన్, మన వరి రైతులకు ఫ్యూరడాన్ గుళికలుగా తెలిసినదే. 2009లో తయారీదారు కెన్యా మార్కెట్ నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నా విషప్రయోగాలు ఆగలేదు. కళేబరం మీద చల్లితే సింహంతో పాటు దుమ్ములగొండ్లు, నక్కలు, ఇంటి కుక్కలు, పదుల కొద్దీ రాబందులు పోతాయి. కళేబరం చుట్టూ ఈగలు కూడా చచ్చి పడి ఉంటే విషమని అనుమానించాలి. ఒట్టి చేతులతో ముట్టొద్దు. రేంజర్లకు చెప్పి, వాళ్లు నమూనాలు తీసుకున్నాక లోతుగా పూడ్చాలి.

సమస్య సింహాన్ని పట్టి దూరంగా వదిలేస్తే?

వెనక్కి వస్తుంది, లేదా అక్కడి సింహాల చేతిలో చస్తుంది, లేదా అక్కడి వాళ్ల ఆవుల్ని తింటుంది. చివరి దారిగా తప్ప చేయరు.

ఇన్ని ఏర్పాట్లున్నా 2023లో ఒక్కసారే పది సింహాలు ఎలా చచ్చాయి?

ఆ మే నెలలో అంబోసెలి చుట్టుపక్కల వారం పది రోజుల్లో పది సింహాలు పోయాయి. ఎంబిరికానిలో పదకొండు మేకలు, ఒక కుక్క చచ్చాక ఒకేసారి ఆరింటిని చంపారు. లూన్‌కిటో అనే 19 ఏళ్ల ముసలి మగసింహం ఆకలితో ఒక బోమాలో దూరి బల్లేల పాలైంది. అప్పుడే దీర్ఘ కరువు ముగిసి వానలు పడ్డాయి, అడవి జంతువులు బలం పుంజుకుని చెదిరిపోయాయి. కరువులో మందలు సగమైపోయిన ఇళ్లలో మిగిలిన ప్రతి మేకా ప్రాణంతో సమానం. కరువు పోయి మొదటి వానలు పడ్డ ఆ నెలల్లోనే గార్డియన్ల గస్తీ రెట్టింపు చేయాలి. సాధారణంగా అందరూ అప్పుడే ఊపిరి పీల్చుకుని పడుకుంటారు.

మన దగ్గర చిరుతల బెడదకు ఇవి పనికొస్తాయా?

సాయంత్రం మంద సరిచూడటం, గట్టి గేటు, కళేబరం కదపకుండా అటవీ అధికారులకు కబురు చేయడం పనికొస్తాయి. వల మాత్రం సరిపోదు. చిరుత ఎక్కి దూకుతుంది, కాబట్టి మేకల దొడ్డికి పైకప్పు వల కూడా ఉండాలి.

దాడి జరిగిన బోమాకు సింహం మళ్లీ వస్తుందా?

వస్తుంది, చాలాసార్లు మరుసటి రాత్రే. సగం తిన్నది అక్కడే ఉంటే దానికోసం వస్తుంది. తనిఖీ అయ్యాక కళేబరాన్ని బోమా పక్కన ఉంచకుండా దూరంగా లాగి వేయాలి. దూరిన చోటును పగలే మూసేయాలి. పక్క బోమాలకు ఫోన్ చేయాలి. ఆ తర్వాత మూడు రాత్రులు గేటు దగ్గర మంట పెట్టి, ఇద్దరిద్దరు వంతులు వేసుకుని మేలుకోవాలి. వెన్నెల లేని రాత్రులైతే, గాలి గట్టిగా వీస్తుంటే, ఇంకో రెండు రాత్రులు కలుపుకోవాలి. గాలిలో కుక్కకు కూడా అలికిడి వినపడదు.